పళ్ళకు క్లిప్పులే గాని నోటికి తాళం లేదు

పంక్ అనే మాట వినగానే మీ కళ్ళముందు ఏ బొమ్మ నిలుస్తుందో నేను చెప్పగలను. కోడిపుంజు తురాయిలాగా నిలబెట్టిన రంగు జుట్టు, చెవికో చెంపకో గుచ్చుకున్న పిన్నీసు, కావాలని చింపుకున్న చొక్కా, ఆ చొక్కాలో ఒక బక్కపల్చటి ఇంగ్లీషు కుర్రాడు, ఆ కుర్రాడి నోట నాలుగు బూతులు. అవునంటారా? అయితే ఆ బొమ్మ గీసి మన చేతికిచ్చినవాళ్ళు కూడా చాలావరకు మగవాళ్ళేనని గుర్తుపెట్టుకోండి. యాభై ఏళ్ళు కావస్తోంది, ఆ కథ అలాగే చెప్పుకుంటూ వస్తున్నారు. మనం కూడా "ఎవరి గోలో మనకెందుకమ్మా" అనుకుని, రేడియో కట్టేసినట్టు ఆ కథనీ కట్టేసి మన పనిలో మనం పడ్డాం.

నాకు ఆ కథతో పేచీ వుంది. ఆ పేచీ ఏమిటో ఇవాళ తేల్చుకోదలిచాను.

పిన్నీసంటే గుర్తొచ్చింది. పిన్నీసు మనకేమన్నా కొత్తా? గాజులకు రెండు, మంగళసూత్రానికి రెండు తగిలించుకుని తిరిగే జాతి మనది. లండన్ కుర్రాళ్ళు దాన్ని చెంపకు గుచ్చుకుంటే విప్లవమైంది. మనం పొద్దున్నే హడావిడిగా కుచ్చెళ్ళకు గుచ్చుకుని బస్సెక్కితే విప్లవం కాలేదు. సరే, అది వేరే సంగతి.

వాళ్ళు చెప్పే కథ అబద్ధమని నేననటం లేదు. 1976 నాటికి బ్రిటన్ పరిస్థితి అధ్వాన్నంగా వుంది. నిరుద్యోగులు పది లక్షలు దాటారు. ఒకప్పుడు సగం ప్రపంచాన్ని ఏలామని చెప్పుకున్న ప్రభుత్వం ఆ ఏడాది అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర అప్పుకోసం చెయ్యి చాచింది. బడి వదిలిన పిల్లలకు పనిలేదు, పనిలేని పిల్లలకు కోపం. 1976 డిసెంబరు 1న సెక్స్ పిస్టల్స్ అనే బృందం (పేరే అలాంటిది, నేనేం చెయ్యను!) ఇంటిల్లిపాదీ టీ తాగుతూ చూసే టీవీ కార్యక్రమంలో నోరు పారేసుకుంది. మర్నాడు పత్రికలన్నీ గగ్గోలు. 1977లో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి పాతికేళ్ళయిందని ఊరూవాడా ఉత్సవాలు చేస్తుంటే, వీళ్ళు ఆమె మీదే పాట కట్టి వదిలారు. ఇదంతా నిజమే. ధైర్యం కాదని కూడా అనను. కానీ ఒక్క మాట అడుగుతాను. రాణిగారు ఎక్కడో కోటలో వుంటుంది. ఆవిణ్ణి తిట్టినంతమాత్రాన మీ వంటింట్లోగాని, నా వంటింట్లోగాని, లండన్లో ఒక గుమాస్తా పెళ్ళాం వంటింట్లోగాని చెంచా అయినా కదులుతుందా?

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆ ఊళ్ళోనే, ఒక అమ్మాయి రాణిగారి జోలికి పోలేదు. టూత్‌పేస్టు జోలికి పోయింది. సబ్బు, ప్లాస్టిక్ సంచి, అద్దం, అంగట్లో అలమర్ల నిండా పేర్చిన సరుకు, ఇవీ ఆమె శత్రువులు. అంటే మన చేతుల్లో రోజూ మెదిలేవి. ఆ అమ్మాయి అసలు పేరు మారియన్ ఇలియట్. ఆమె బృందం పేరు ఎక్స్-రే స్పెక్స్. పంక్ అంటే ఏమిటో ఆడవాళ్ళకు ఒక్క బృందంతో చెప్పమంటే నేను చెప్పే పేరు అదీ.

1957 జులై 3న పుట్టింది. తల్లి స్కాట్లండు, ఐర్లండు మూలాలున్న తెల్లావిడ, వకీళ్ళ ఆఫీసులో సెక్రటరీ. తండ్రి సోమాలియా నుంచి వచ్చినవాడు. పెంపకమంతా తల్లిదే, లండన్లో బ్రిక్స్‌టన్ అనే పేదపేటలో. ఆ కాలంలో అక్కడ అటు తెల్లపిల్లా కాదు, ఇటు నల్లపిల్లా కాదు అనిపించుకున్న పిల్లకి వీధిలో ఎలా గడిచి వుంటుందో నేను విడమరచి చెప్పనక్కర్లేదు. ఛాయ గురించి పెళ్ళిచూపుల్లో మాట పడ్డవాళ్ళు మనలోనే బోలెడంతమంది వున్నారు. పదిహేనో ఏట ఇల్లు వదిలి, దారిన పోయే బళ్ళెక్కి, సంగీతోత్సవాల వెంట దేశమంతా తిరిగింది. 1976లో ఒక చిన్న రెగే పాట రికార్డు కూడా ఇచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఏడాది జులై 3న, అంటే సరిగ్గా తన పంతొమ్మిదో పుట్టినరోజున, హేస్టింగ్స్ అనే సముద్రపుటూళ్ళో సెక్స్ పిస్టల్స్ కచేరీ చూసింది. ఇక్కడే మగ చరిత్రకారులు చంకలు గుద్దుకుంటారు: "చూశారా, మావాళ్ళను చూసే కదా నేర్చుకుంది!" అని. అబ్బే! ఆమె నేర్చుకున్నది ఒక్కటే. ఏమీ రానివాళ్ళు కూడా వేదిక ఎక్కవచ్చునని. అది వాళ్ళ సొమ్మేమీ కాదు గదా! ఎక్కాక ఏం చెప్పాలో మాత్రం ఆమెకు వాళ్ళెవ్వరూ నేర్పలేదు.

వెంటనే సంగీత వారపత్రికలో ప్రకటన వేసింది, తనతో కలిసి వాయించే కుర్రకారు కావాలని. వచ్చినవాళ్ళలో సుసాన్ విట్‌బీ అనే అమ్మాయి ఇంకా బడి ఈడు పిల్ల. సాక్సఫోను పట్టుకొచ్చింది. లోరా లాజిక్ అని పేరు పెట్టుకుంది. గిటార్ల మోతలోంచి ఆ సాక్సఫోను ఎగదన్నుకొస్తుంటే, నిండు పెళ్ళిపందిట్లో సన్నాయి శృతి తప్పించి, తప్పించినందుకు సంతోషిస్తున్నట్టు వుంటుంది. జాక్ ఎయిర్‌పోర్ట్, పాల్ డీన్, బి.పి. హర్డింగ్ మగపిల్లలు, గిటారు, బేస్, డ్రమ్స్. వాళ్ళనూ తక్కువ చెయ్యను. మంచి వాయిద్యగాళ్ళు.

ఇక మారియన్ తన పేరు ఎలా పెట్టుకుందో వినండి. టెలిఫోను వాళ్ళ పసుపుపచ్చ పేజీల పుస్తకం తెరిచి, ప్లాస్టిక్ సామాన్ల దగ్గర వెతికి, పాలీ స్టైరీన్ అని పెట్టుకుంది. పాలీస్టైరీన్ అంటే ఏదో అనుకునేరు, మన థర్మోకోల్ కూడా అదే. వాడి పారెయ్యటానికి పుట్టిన వస్తువు. పాటల కంపెనీలు ఆడపిల్లల్ని వాడి పారేస్తాయి గనుక, ఆ పేరేదో నేనే పెట్టుకుంటే పోలా అని! బృందం పేరులోనూ అదే వెటకారం. ఈ కళ్ళజోడు పెట్టుకుంటే బట్టల్లోంచి చూడొచ్చునంటూ మగపిల్లల బొమ్మల పుస్తకాల్లో ప్రకటనలు వేసి అమ్మిన బూటకపు ప్లాస్టిక్ కళ్ళజోడు వుండేది. దాని పేరు అది. మగపిల్లలు ఆడపిల్లల్ని చూడటానికి కొనుక్కున్న కళ్ళజోడు ఈ పిల్ల లాక్కుని తను పెట్టుకుని, అంగళ్ళ గాజు తలుపుల్లోంచి లోపలికి చూసింది.

1977 సెప్టెంబరులో వచ్చింది వాళ్ళ మొదటి రికార్డు, ఓ బాండేజ్ అప్ యువర్స్. ఇంగ్లీషువాళ్ళకొక సామెత వుంది, పిల్లలు కంటికి కనిపించాలి గాని చెవికి వినిపించకూడదని. పాట మొదట్లో ఆ సామెత పట్టుకుని, గోముగా, చంటిపిల్లలా రెండు ముక్కలు మాట్లాడుతుంది. ఆ తర్వాత ఒక్క అరుపు. నేను మొదటిసారి విన్నప్పుడు చేతిలో గిన్నె జారిపడేంత పనయింది. బాండేజ్ అన్న మాట చూసి ఇదేదో పడకగది వ్యవహారమని మగ విమర్శకులు కొందరు కళ్ళెగరేశారు. ఆమె చెప్పిన బంధం ఆ బంధం కాదు. కొనుక్కో, కట్టుకో, పూసుకో, నవ్వు, నోరుమూసుకో అనే బంధం. రికార్డుకు అమ్మకాల పట్టికలో చోటు దొరకలేదు. యాభై ఏళ్ళయినా మర్చిపోకుండా మోగుతున్నది మాత్రం అదే.

ఇక గొంతు సంగతికి వద్దాం. అసలు పేచీ ఇక్కడే వుంది.

మా మేనల్లుడొకడున్నాడు. పాత ఇంగ్లీషు పాటల పిచ్చి. "పంక్‌లో గొప్ప బృందాలేవిరా?" అని అడిగితే వేళ్ళు మడుస్తూ పది పేర్లు చెప్పాడు. పదీ మగవాళ్ళవే. "మరి ఎక్స్-రే స్పెక్సో?" అన్నాను. "బాగానే వుంటుంది గాని అత్తయ్యా, ఆ అమ్మాయి అరుస్తుంది కదా!" అన్నాడు. నువ్వు చెప్పిన పదిమందిలో అరవనివాణ్ణి ఒక్కణ్ణి చూపించరా అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. వాణ్ణని లాభం లేదు, లోకం తీరే అంత. మగవాడు అరిస్తే ఆవేశం, ఆడది అరిస్తే గయ్యాళితనం. మగవాడి శృతి తప్పితే అది తిరుగుబాటు, ఆడదాని శృతి తప్పితే సంగీతం రాకపోవటం. ఆడ గొంతంటే తేనె, వెన్న, పంచదార చిలక అని మనం కూడా నమ్మేశాం. ఏం, తియ్యగా లేని మాట చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా తియ్యగానే చెప్పాలా? పాల్లో నీళ్ళు కలిపాడని పాలవాణ్ణి మీరు ఏ రాగంలో అడుగుతారు?

పైగా ఆ అరుపు ఒట్టి అరుపని ఎవరన్నారు? 1978 నవంబరులో వచ్చిన వాళ్ళ ఆల్బం పేరు జెర్మ్‌ఫ్రీ అడోలసెంట్స్, అంటే క్రిములంటని పడుచువాళ్ళు. అట్టమీద బృందమంతా పెద్ద పెద్ద గాజు పరీక్షనాళికల్లో నిలబడి వుంటారు. ఆ పేరుగల పాటలో ఒక అమ్మాయికి శుభ్రత పిచ్చి. పళ్ళు తోముకున్నవే తోముకుంటూ వుంటుంది. ప్రకటనలు మనలో పెట్టే భయం గురించి, నీ నోరు కంపు, నీ ఒళ్ళు కంపు, ఫలానాది వాడకపోతే నీ దగ్గరికెవరూ రారు అనే బెదిరింపు గురించి, అంత చల్లగా, అంత జాలిగా కట్టిన పాట నేను మరొకటి వినలేదు. గమనించండి, ఇందులో అరుపే లేదు. మెల్లగా సాగుతుంది. బ్రిటన్ పట్టికలో 19వ స్థానానికి వెళ్ళింది. అరవటం తప్ప రాదన్నవాళ్ళు ఈ పాట విననేలేదన్నమాట.

ఇంకో పాటలో ఊల్‌వర్త్స్ అనే చవకసరుకుల దుకాణంలో తిరిగే మామూలు కుర్రకారు వీరులవుతారు. (ఆ దుకాణాలన్నీ 2009 జనవరికల్లా బ్రిటన్‌లో మూతపడ్డాయి.) ఇంకో పాట ప్లాస్టిక్ సంచి మీద. ఇంకొకటి మనుషుల్ని ప్రయోగశాలలో తయారు చెయ్యటం మీద. ఆ ఏడాది జులైలోనే కదా ఓల్డ్‌హామ్ ఆసుపత్రిలో మొట్టమొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టింది! ఐడెంటిటీ అనే పాటలో అద్దం ముందు నిలబడ్డ అమ్మాయి, తన మొహం తనదో, పత్రికలో బొమ్మదో తెలియక తల్లడిల్లుతుంది. రాణిగారి మీద పాటకి ఇవాళ రాణిగారే లేరు, 2022లో పోయారు. ప్లాస్టిక్ సంచి ఎక్కడికి పోయిందో చెప్పండి? ఎక్కడికీ పోలేదు. కాలవల్లో వుంది, సముద్రంలో వుంది, గేదె కడుపులో వుంది. ఇంగ్లండు ప్రభుత్వం తీరిగ్గా 2015లో సంచికి 5 పెన్నీల రుసుము పెట్టింది. పాట వచ్చిన 37 ఏళ్ళకి. అంచేత ఎవరు పెద్ద శత్రువు మీద గురిపెట్టారో మీరే తేల్చండి.

మరి ఆమె వాలకం? పళ్ళకు ఇనప క్లిప్పులు! మన పిల్లలు క్లిప్పులు పెట్టించుకున్న ఏడాదంతా ఫోటోకి నోరు తెరవరు. ఈ పిల్ల ఆ క్లిప్పులతోనే టీవీ కెమెరా ముందు నోరు బార్లా తెరిచి పాడింది. ఒళ్ళు కాస్త బొద్దు, దాచుకోలేదు. కింగ్స్ రోడ్డులో దుకాణం పెట్టి బట్టలమ్మిన పిల్ల, బట్టలంటే తెలియక కాదు. కళ్ళు చెదిరే ఆకుపచ్చ, గులాబి రంగులు, ప్లాస్టిక్ పూసలు, నెత్తిమీద సైనికుడి టోపీ, ఎవరో వదిలేసిన పాత కోట్లు. పెళ్ళిళ్ళకు ఒక చీర రెండుసార్లు కట్టుకోవటానికి జంకే మనం ఇది కొంచెం నెమ్మదిగా చదువుకోవాలి. ఎవరైనా తనను అందాలబొమ్మను చెయ్యబోతే మర్నాడే గుండు గీయించుకుంటానని పత్రికలవాళ్ళతో అంది కూడా.

అన్నంత పనీ చేసింది. అది ఎక్కడో, ఎందుకో చెప్పాలి. 1976 ఆగస్టులో ఎరిక్ క్లాప్టన్ అనే మహా గిటారు విద్వాంసుడు బర్మింగ్‌హామ్ కచేరీలో, వలస వచ్చిన నల్లవాళ్ళనూ మనవాళ్ళనూ దేశంలోంచి పంపెయ్యాలని వేదికమీంచే వాగాడు. నల్లవాళ్ళ సంగీతం వాయించి డబ్బు చేసుకున్నవాడే! ఒళ్ళుమండిన కొందరు జాతివిద్వేషానికి ఎదురుగా సంగీతమంటూ రాక్ అగెనెస్ట్ రేసిజం ఉద్యమం మొదలుపెట్టారు. 1978 ఏప్రిల్ 30న ట్రఫాల్గర్ చౌరస్తా నుంచి తూర్పు లండన్లోని విక్టోరియా పార్కు దాకా వేలాదిమంది నడిచారు. పార్కులో 80 వేలమంది దాకా చేరారని లెక్క చెబుతారు. వేదిక మీద క్లాష్, టామ్ రాబిన్సన్ బృందం, స్టీల్ పల్స్, ఎక్స్-రే స్పెక్స్. పాలీ తలకు గుడ్డ చుట్టుకుని వచ్చింది. గుడ్డ లాగేస్తే గుండు. మనకు గుండంటే తిరుపతి, మొక్కు. ఆమెది ఏ దేవుడికి మొక్కో గాని తీర్చుకుంది. అది ధైర్యమని కొందరు, అప్పటికే మనసు చెదిరిన గుర్తని కొందరు. రెండూ అయివుండవచ్చు. ఆడవాళ్ళ ధైర్యం చాలాసార్లు అలాంటి అంచుమీదే నిలబడి వుంటుంది.

అది జరిగిన నాలుగో రోజున, మే 4న, అదే తూర్పు లండన్లో అల్తాబ్ అలీ అనే బంగ్లాదేశ్ కుర్రాణ్ణి, బట్టల పనిలోంచి ఇంటికి పోతున్నవాణ్ణి, వీధిలో పొడిచి చంపారు. ఇప్పుడక్కడ అతని పేరుతో పార్కు వుంది. పాటలతో లోకం బాగుపడుతుందా అని అడిగేవాళ్ళకి, పడదని ఆ పార్కే చెబుతుంది. కానీ ఆ వారంలో గోధుమరంగు పిల్ల ఒకతె అంతమంది ముందు నిలబడి నోరు తెరిచిందన్నది కూడా నిజమే కదా. తెర మీద మాత్రం ఆ రోజంటే క్లాష్ వాళ్ళే. 1980లో వచ్చిన రూడ్ బాయ్ సినిమాలో ఆ పార్కు ఘట్టం వాళ్ళ చుట్టూనే తిరుగుతుంది.

ఈ బృందంలో అంతా పాలూ తేనే అని నేను చెప్పబోవటం లేదు. లోరా లాజిక్ అనే ఆ బడిపిల్లను ఆల్బం రాకముందే పంపించేశారు. ఆల్బంలో ఆమె కూర్చిన సాక్సఫోను వరసల్ని మరొకరు వాయించారు. తనకు రావలసిన పేరు రాలేదని లోరా తర్వాత చెప్పుకుంది. సాటి ఆడపిల్లకి జరిగిన అన్యాయం, అదీ ఆడపిల్ల నాయకత్వంలో! నాకు నచ్చని ముక్క ఇది. దాచి మెచ్చుకోవటం నాకు చేతకాదు.

1978లోనే డాంకాస్టర్లో కచేరీ అయ్యాక ఆకాశంలో గులాబిరంగు కాంతి ఏదో చూశానంది పాలీ. ఆసుపత్రిలో పెట్టారు. స్కిజోఫ్రీనియా అన్నారు. అది కాదని, బైపోలార్ జబ్బని 1991లో తేలింది. మధ్యలో పదమూడేళ్ళు పోయాయి. ఆడపిల్ల ఎక్కువగా మాట్లాడితే పిచ్చి అనటం మన ఊళ్ళలోనే కాదు, లండన్లోనూ సులువే. 1979లో బృందం విడిపోయింది. అంటే మొత్తం ఆయుష్షు మూడేళ్ళు కూడా లేదు, అసలు ఆల్బం ఒక్కటి. 1980లో సొంతంగా ట్రాన్స్‌లూసెన్స్ అని మెత్తటి ఆల్బం చేస్తే, అరవలేదేమని విమర్శకులు పెదవి విరిచారు. అరిస్తే ఒక తప్పు, అరవకపోతే ఇంకో తప్పు!

తర్వాత ఆమె హరేకృష్ణ భక్తురాలైంది. లండన్ పక్కన భక్తివేదాంత మేనర్ వుంది చూడండి, బీటిల్స్ జార్జి హారిసన్ 1973లో కొనిచ్చిన బంగళా, అక్కడ కూతుర్ని తీసుకుని కొన్నేళ్ళు వుంది. లోరా కూడా ఆ దారిలోనే వచ్చింది. ఇద్దరూ కలిసి 1995లో బృందం రెండో ఆల్బం చేశారు. ఆ కోపం అలా చల్లారిందన్నమాట. పంక్ పిల్ల భజనలేమిటని నవ్వినవాళ్ళున్నారు. నాకు నవ్వు రాలేదు. అంగట్లో సరుకు మోజు గురించి అన్ని పాటలు కట్టిన మనిషి, సరుకు లేని చోటు వెతుక్కుంటూ పోవటంలో వింతేముంది? అక్కడ ఆమెకు కావలసింది దొరికిందా అన్నది వేరే ప్రశ్న.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఒళ్ళుమండిన విషయం. ఆమె కూతురు సెలెస్ట్ బెల్, పాల్ సంగ్ అనే ఆయనతో కలిసి 2021లో తల్లి మీద డాక్యుమెంటరీ తీసింది. పేరు పాలీ స్టైరీన్: ఐ యామ్ ఎ క్లిషే. మీ అమ్మ మంచి తల్లేనా అని జనం తనని అడుగుతూ వుంటారని, ఏం చెప్పాలో తోచదని ఆ అమ్మాయి సినిమా మొదట్లోనే చెబుతుంది. తల్లి జబ్బు వల్ల పిల్ల చిన్నతనంలోనే అమ్మమ్మ దగ్గరికి చేరిన మాట నిజం. ఆ బాధ చెప్పుకునే హక్కు ఆ బిడ్డది, పూర్తిగా ఆ బిడ్డది. కానీ అడిగే జనం సంగతో? తాగి, మత్తుమందులు మింగి, హోటలు గదులు పగలగొట్టిన రాక్ మహానుభావుల పిల్లల్ని ఎవరైనా ఆపి, "మీ నాన్న మంచి తండ్రేనా? వేళకు అన్నం పెట్టాడా?" అని అడిగారా? ఆ మహానుభావులకు పాటలు చూసి మార్కులు వేస్తారు. ఆమెకు మాత్రం పాటలకు సగం, వంటింటికి సగం!

2016లో పంక్‌కు నలభై ఏళ్ళు నిండాయని లండన్ నగరమంతా పండగ చేసింది. సాక్షాత్తూ బ్రిటిష్ లైబ్రరీ ప్రదర్శన పెట్టింది. గోడమీద పరిచయ వాక్యాల్లో సెక్స్ పిస్టల్స్, క్లాష్, బజ్‌కాక్స్ పేర్లు వున్నాయి. అన్నీ మగపేర్లే. స్లిట్స్ అనే ఆడపిల్లల బృందంలో గిటారు వాయించిన వివ్ ఆల్బర్టీన్ అక్కడికి ఉపన్యాసానికి వచ్చింది. అప్పటికి ఆవిడ వయసు అరవైకి పైనే. ఆ వాక్యాలు చదివింది. కలం తీసి మగపేర్లు కొట్టేసి, ఎక్స్-రే స్పెక్స్, స్లిట్స్, సూజీ అండ్ ది బాన్షీస్ అని రాసి, మరి ఆడవాళ్ళ మాటేమిటని కింద నిలదీసి వెళ్ళింది. గ్రంథాలయం గోడమీద రాయటం తప్పే కదా అని మీలో ఒకరు అననే అంటారు. తప్పే. మరి చరిత్రలోంచి పేర్లు ఎగరగొట్టటం ఏమిటంటారు?

అదే ఏడాది నవంబరు 26న సెక్స్ పిస్టల్స్ మేనేజరు మాల్కం మెక్‌లారెన్, వివియన్ వెస్ట్‌వుడ్‌ల కొడుకు జో కొర్రే, థేమ్స్ నది మీద పడవలో తన దగ్గరున్న పంక్ బట్టలూ రికార్డులూ తగలబెట్టాడు. 50 లక్షల పౌండ్ల సరుకని ఆయనే చెప్పాడు. పంక్‌ను ప్రభుత్వం పండగ చెయ్యటానికి నిరసనట. నిరసనకు తగలబెట్టటానికైనా 50 లక్షల సరుకుండాలి మరి!

ఆమె ప్రభావం గురించి అడిగితే జాబితాలు చదవటం నాకిష్టం లేదు, రెండు మూడు పేర్లు చాలు. 1990ల మొదట్లో అమెరికాలో ఒలింపియా అనే ఊరి చుట్టుపక్కల ఆడపిల్లలు రయట్ గర్ల్ అనే ఉద్యమం లేపారు. కచేరీల్లో మగపిల్లల తోపులాటకు వెనక్కి నక్కే ఆడపిల్లల్ని ముందుకు రమ్మని పిలిచిన బికినీ కిల్ బృందం అందులోదే. వాళ్ళు వెనక్కి తిరిగి వెతుక్కున్న పెద్దక్కల్లో పాలీ ఒకతె. నెనే చెర్రీ అనే గాయని, తాను పాడటం మొదలుపెట్టిందే పాలీని విని అని చెప్పింది. లండన్లో బిగ్ జోనీ అని నల్లజాతి ఆడవాళ్ళ పంక్ బృందం 2013లో పుట్టింది. గోధుమరంగు పిల్ల వేదిక ఎక్కిన 1977 లేకపోతే ఆ మెట్టు వాళ్ళకు అంత తేలిగ్గా దొరికేది కాదు. 2008లో బృందం మళ్ళీ కలిసి లండన్ రౌండ్‌హౌస్‌లో పాడింది. క్లిప్పులు లేవు గాని గొంతు వుంది. 2011 మార్చిలో జనరేషన్ ఇండిగో అనే కొత్త ఆల్బం వచ్చింది. ఏప్రిల్ 25న రొమ్ము క్యాన్సరుతో ఆమె పోయింది. 53 ఏళ్ళు.

తల్లి దాచుకున్న కాగితాల పెట్టెలు కూతురు చాలాకాలం తెరవలేకపోయింది. తెరిచాక 2019లో జోయీ హౌ అనే రచయిత్రితో కలిసి డేగ్లో అని పుస్తకం తెచ్చింది, ఆపైన ఆ సినిమా. సినిమాలో తల్లి డైరీ వాక్యాలు చదివింది రూత్ నెగ్గా అనే నటి. అరుపు లేకుండా, నెమ్మదిగా చదివింది. అరుపు కావాలంటే 1977 నాటి ఆ పాట వుండనే వుంది. మధ్యాహ్నం పనంతా అయ్యాక తలుపు వేసుకుని కాస్త గట్టిగా పెట్టుకుని వినండి. పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొడితే నా పేరు చెప్పండి.